స్కార్లాటి సొనాటాలు పియానో మీద వాయించడం ఎలా

స్కార్లాటి సొనాటా పేజీ మొదటిసారి తెరిచినవాళ్ళకు కాస్త కంగారు తప్పదు. నోట్లు ఉంటాయి. పైన అల్లెగ్రో అనో అండాంటె అనో నడక చెప్పే ఒక మాట ఉంటుంది. అక్కడక్కడా ట్రిల్ గుర్తు, అంటే రెండు పక్క నోట్లను వేగంగా మార్చి మార్చి వాయించమని. అంతే. ఎక్కడ గట్టిగా వాయించాలి, ఎక్కడ మెల్లగా, ఏ నోట్లు కలపాలి, ఏవి విడదీయాలి, పెడల్ ఎప్పుడు తొక్కాలి, ఇవేవీ దాదాపు ఉండవు. గ్రేడ్ ఎగ్జామ్‌కి తయారయ్యే పిల్లలు టీచర్‌ని అడిగి పెన్సిల్‌తో రెండు ఫోర్టేలు (గట్టిగా అని), రెండు పియానోలు (మెల్లగా అని) రాసుకుని గట్టెక్కుతారు. మార్కులు వస్తాయి గానీ ఆ ఫోర్టే అక్కడే ఎందుకుందో వాళ్ళకు తెలియదు.

డొమెనికో స్కార్లాటి 1685లో నేపుల్స్‌లో పుట్టాడు. బాఖ్, హాండెల్ పుట్టిందీ ఆ ఏడాదే. 1719లో లిస్బన్ చేరి పోర్చుగల్ రాకుమారి మరియా బార్బరాకు సంగీతం నేర్పాడు. 1729లో ఆమె స్పెయిన్ యువరాజును పెళ్ళి చేసుకుని అత్తవారింటికి వెళితే గురువు కూడా వెంట వెళ్ళాడు. కొన్నేళ్ళు సెవిల్‌లో, 1733 నుంచి మాడ్రిడ్‌లో, 1757లో చనిపోయేదాకా ఆమె కొలువులోనే ఉన్నాడు. 555 సొనాటాలు మిగిలాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ శిష్యురాలి చేతుల కోసమే అనుకోవచ్చు.

ఆయన రాసింది ప్రధానంగా హార్ప్సికార్డ్‌కి. అందులో కీ నొక్కితే సుత్తి కొట్టదు, పక్షి ఈక మొన లాంటి ముక్క తీగను మీటుతుంది. వీణ మీద వేలు మీటినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ మీటు బలం మీ చేతిలో ఉండదు. ఎంత గట్టిగా కొట్టినా, ఎంత సుతారంగా తాకినా శబ్దం ఒక్కటే. మరి వాల్యూమ్ ఎలా పెంచాలి? స్కార్లాటి దాన్ని నోట్లలోనే రాసిపెట్టాడు. గట్టిగా వినబడాల్సిన చోట ఎనిమిది నోట్ల కార్డ్ (ఒకేసారి మోగే నోట్ల గుత్తి) పెట్టాడు, తగ్గాల్సిన చోట ఒంటి నోట్ల వరస వదిలాడు. పియానో వాయించేవాళ్ళ పని ముందు దాన్ని చదవడం. ఈ గైడ్ అంతా ఆ చదువు గురించే.

పియానో మీద వాయించడమే తప్పంటారు కొందరు. తర్వాత రాణి అయిన మరియా బార్బరా చనిపోయాక 1758లో రాసిన జాబితాలో ఆమెకున్న 12 కీబోర్డ్ వాద్యాలు కనిపిస్తాయి. అందులో ఐదు ఫ్లోరెన్స్‌లో చేసిన తొలినాటి పియానోలు. రెండింటిని మళ్ళీ హార్ప్సికార్డులుగా మార్పించారు కూడా. కాబట్టి ఆ ఇంట్లో పియానో తెలియనిదేమీ కాదు, అలాగని అదే ముద్దు అనుకోవడానికీ లేదు. మీరు నిశ్చింతగా వాయించండి.

మొదట ఏ సొనాటా?

నంబర్లతో మొదలుపెడదాం. అమెరికన్ హార్ప్సికార్డిస్ట్ రాల్ఫ్ కర్క్‌పాట్రిక్ 1953లో ఇచ్చిన నంబర్లు కె. తో మొదలవుతాయి. అంతకుముందు ఇటాలియన్ పియానిస్ట్ అలెస్సాండ్రో లాంగో ఇచ్చినవి ఎల్. తో. కె.208, ఎల్.238 ఒకటే సొనాటా. షీట్ మ్యూజిక్ వెతికేటప్పుడు రెండూ రాసిపెట్టుకోండి, లేకపోతే వేరే పేజీ ప్రింట్ తీసుకుని కూర్చుంటారు.

అసలు ఈ శైలికే కొత్తయితే కె.32, కె.34 లాంటి చిన్నవి చాలు. రెండు మూడేళ్ళు పియానో నేర్చుకుని చేతులు కాస్త తిరిగినవాళ్ళు నెమ్మదైనదొకటి, చురుకైనదొకటి పెట్టుకోవాలి. నెమ్మదికి ఎ మేజర్‌లోని కె.208, చురుకుకి డి మైనర్‌లోని కె.9. అందరూ ఎగబడే ఇ మేజర్ కె.380 వినడానికి తేలిక, శుభ్రంగా వాయించడానికి అంత తేలిక కాదు. డి మైనర్ కె.141 సంగతి కింద చెబుతాను. యూట్యూబ్‌లో చూసి దానితోనే మొదలుపెట్టాలని ఉబలాటపడేవాళ్ళు చాలామంది.

ఇంట్లో 61 కీల కీబోర్డ్ ఒకటే ఉంటే ఒక మాట. స్కార్లాటి రాసిన రేంజ్ మొత్తం సుమారు ఐదు ఆక్టేవులే కాబట్టి చాలా సొనాటాలు పడతాయి. కొన్నిట్లో మాత్రం బాస్ మీ కీబోర్డ్ చివరి కీ కన్నా కిందికి దిగుతుంది. నేర్చుకోవడం మొదలుపెట్టకముందే అన్నిటికన్నా కింది నోట్ ఎక్కడుందో చూసుకోండి.

ఏ ప్రచురణ?

ఈ సొనాటాల్లో స్కార్లాటి సొంత చేతిరాత ప్రతి ఒక్కటి కూడా దొరకలేదు. 1738లో లండన్‌లో అచ్చయిన 30 సొనాటాల పుస్తకం, ఆ తర్వాత రాణి కోసం నకలు రాయించిన సంపుటాలే ఆధారం. ఆ సంపుటాలు ఇప్పుడు వెనిస్‌లో ఒక వరస, పార్మాలో ఒక వరస ఉన్నాయి, చెరో 15.

ఇంటర్నెట్‌లో ఉచితంగా ఎక్కువగా దొరికేది 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన లాంగో ప్రచురణ. ఆయన చేసిన సేవ తక్కువది కాదు, అన్నిటినీ ఒకచోట చేర్చాడు. కానీ తన కాలపు పియానిస్టుల కోసం స్లర్లు (నోట్లు కలపమనే వంపు గీతలు), క్రెసెండోలు (క్రమంగా గట్టి చేయమనే గుర్తులు) చేర్చాడు. స్కార్లాటి కావాలని పెట్టిన గరుకైన కార్డులను చాలాచోట్ల తప్పులనుకుని దిద్దేశాడు. అందుకని కెన్నెత్ గిల్బర్ట్ సంపాదకత్వంలోని ప్రచురణో, హెన్లే వాళ్ళ ఎంపిక సంపుటాలో దొరికితే అదే తీసుకోండి. లాంగో తప్ప గతి లేకపోతే అందులోని ఫోర్టే, పియానో, స్లర్లను లేనట్టే చూడండి. ఒక కార్డ్ మరీ మర్యాదగా అనిపిస్తే అది దిద్దిన కార్డేమో అని అనుమానించండి.

కీబోర్డ్ దగ్గర కూర్చోకముందు పెన్సిల్ పని

స్కార్లాటి సొనాటా దాదాపు ఎప్పుడూ రెండు భాగాలు. ఒక్కో భాగం చివర రిపీట్ గుర్తు. మొదటి భాగం సొంత కీలో (ఇక్కడ కీ అంటే ఎ మేజర్, డి మైనర్ లాంటి స్వరాల వరస) మొదలై ఇంకో కీలో ఆగుతుంది. రెండోది అక్కడి నుంచి ఎటెటో తిరిగి ఇంటికి వస్తుంది. రెండు భాగాల చివరి సగాలు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే సంగీతం వేరే కీలో కనిపిస్తుంది. ఆ పోలిక ఎక్కడ మొదలవుతుందో రెండుచోట్లా గీత గీయండి. రెండోసారి ఆ గీత దాటారంటే ఇంటికి చేరినట్టే. ఆ సంగతి మీ వాయింపులో వినపడాలి.

గీతకు ముందు, రెండో భాగం మొదట్లో, చాలా సొనాటాల్లో లెఫ్ట్ హ్యాండ్ ఒకే నమూనాను పట్టుకుని కీల మీద కీలు మారుస్తూ పోతుంది. వినడానికి వింతగా, కొంచెం మొండిగా ఉంటుంది. అక్కడ పాట వెతక్కండి. ఏ బార్లో (పేజీ మీద నిలువు గీతల మధ్య ముక్కలో) కీ మారిందో మాత్రం గుర్తు పెట్టుకుని, ఆ మార్పు దగ్గర ఒక్క పిసరు సమయం ఇవ్వండి.

ఇంకో పని కూడా పేజీ మీదే చేయాలి. ఒక్కో బార్లో ఒకేసారి ఎన్ని నోట్లు మోగుతున్నాయో చూసి పైన అంకె వేయండి. రెండు, రెండు, మూడు, రెండు, ఆరు, ఏడు, ఆరు, ఒకటి. ఇదే స్కార్లాటి రాసిన వాల్యూమ్ చార్ట్. మీరు పెట్టబోయే ఫోర్టేలు, పియానోలు ఈ అంకెలతో గొడవపడకూడదు. ఏడు నోట్ల కార్డ్ దగ్గర గుసగుసలాడటం, ఒంటి నోట్ దగ్గర బల్లగుద్దడం అంటే ఆయన రాసినదానికి ఎదురెళ్ళడమే.

వేళ్ళు: నోట్ ఎప్పుడు వదలాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. హార్ప్సికార్డ్ మీద నోట్‌ను గట్టిగా వాయించడం కుదరదు గానీ ఎంతసేపు పట్టుకోవాలో వాయించేవాళ్ళ చేతిలోనే ఉంది. ఒక నోట్ ముందు చిన్న ఖాళీ వదిలితే ఆ నోట్ బలంగా వినిపిస్తుంది. కలిపేస్తే మెత్తగా వినిపిస్తుంది. పియానో మీద వేలి బరువు అలవాటైన మనం ఈ పనిముట్టును దాదాపు మర్చిపోయాం.

బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ 1753లో అచ్చేసిన పుస్తకంలో, ఏ గుర్తూ లేని మామూలు నోట్లను సగం కాలమే పట్టుకోవాలంటాడు. అది బెర్లిన్ మాట, మాడ్రిడ్‌కి చట్టం కాదు. అయినా ఏ గుర్తూ లేకపోతే లెగాటో, అంటే నోట్లన్నీ కలిపేయడం, అనే మన అలవాటును వదిలించడానికి పనికొస్తుంది.

మొదటి వారానికి ఈ పద్ధతి పెట్టుకోండి: పక్కపక్క కీల మీద నడిచే నోట్లను దగ్గరగా ఉంచండి, దూకే నోట్లను విడదీయండి. పక్క నోట్‌కి జారుతూ తేలే ఇరుకు స్వరాన్ని, అంటే అపోజ్జియాటురాను, దాని తర్వాతి నోట్‌తో తప్పకుండా కలపండి, రెండోది మెత్తగా. ఈ ఒక్క పనితోనే పేజీకి సగం ప్రాణం వస్తుంది. ఆ తర్వాత మీ చెవికి నచ్చనిచోట పద్ధతిని తప్పండి, పరవాలేదు.

కె.208 తీసుకుని చూద్దాం. పైన అడాజియో ఎ కాంటాబిలె అని ఉంటుంది, అంటే తాపీగా, పాడుతున్నట్టు. లెఫ్ట్ హ్యాండ్ బీట్‌కి ఒక నోట్ చొప్పున దాదాపు మొత్తం సొనాటా నడుస్తుంది. రైట్ హ్యాండ్ పాట మాత్రం బీట్ మీద పడకుండా అర బీట్ ఆలస్యంగా వస్తూ ఉంటుంది. చాలామంది ఆ ఆలస్యానికి ఇంకొంత సొంత ఆలస్యం కలుపుతారు. రెండూ కలిసి లయ జారిపోయి, ఏది బీటో వినేవాళ్ళకు అంతుచిక్కదు.

ముందు లెఫ్ట్ హ్యాండ్ ఒక్కటే వాయించండి. మెట్రోనోమ్ 50 దగ్గర పెట్టి, నాలుగు నోట్లూ ఒకే పొడవు, ఒక్కొక్కదాని తర్వాత వెంట్రుకవాసి గాలి. బార్ మొదటి నోట్ కాస్త నిండుగా, మిగతావి తేలికగా. అది ఎవరో నిమ్మళంగా నడుస్తున్నట్టు కుదిరాక లెఫ్ట్ హ్యాండ్ వాయిస్తూనే రైట్ హ్యాండ్ పాటను నోటితో పాడండి. గొంతు బాగోలేదని సిగ్గుపడక్కర్లేదు, తలుపు వేసుకోండి. పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నారో అక్కడ పెన్సిల్‌తో కామా పెట్టండి. రైట్ హ్యాండ్ చేయి ఆ కామాల దగ్గరే లేవాలి. చివరగా రెండు చేతులూ కలపండి. రైట్ హ్యాండ్ ఎంత వయ్యారాలు పోయినా లెఫ్ట్ హ్యాండ్ పట్టించుకోకూడదు. అప్పుడు ఆ అర బీట్ ఆలస్యం దానంతట అదే నిట్టూర్పులా వినిపిస్తుంది, మీరు ప్రత్యేకంగా చేయాల్సిందేమీ ఉండదు.

డిజిటల్ పియానో ఉన్నవాళ్ళకు ఒక సదుపాయం ఉంది. హార్ప్సికార్డ్ వాయిస్ పెట్టండి. చాలా మోడళ్ళలో ఆ వాయిస్‌కి టచ్ పనిచేయదు, ఎలా నొక్కినా ఒకే శబ్దం. మీరు నేర్చుకున్న సొనాటాను దానిమీద వాయించి రికార్డ్ చేసి వినండి. చప్పగా ఉంటే మీ భావమంతా వేలి బరువులోనే ఉందన్నమాట. నోట్ల పొడవుల్లో, ఖాళీల్లో ఇంకా పని మిగిలుంది.

టెంపో

మెట్రోనోమ్ అంకెలు స్కార్లాటి కాలంలో లేవు. అల్లెగ్రో అంటే వేగం కన్నా హుషారు అనుకోండి. కె.9 సంగతే చూడండి. 1738 పుస్తకంలో దానిపైన అల్లెగ్రో అని ఉంది. 19వ శతాబ్దంలో పియానిస్ట్ కార్ల్ టౌసిగ్ దాన్ని ఇ మైనర్‌కి మార్చి పాస్టొరాలె, అంటే గొల్లల పాట, అని పేరు పెట్టాడు. అప్పట్నుంచి చాలామంది దాన్ని నిద్రపుచ్చేలా వాయిస్తున్నారు. 6/8లో బార్‌కి రెండు ఊపులు చేతికి తెలిసేంత చురుగ్గా నడిపితే చాలు.

టెంపో ఎంచుకోవడం మొదటి బార్ నుంచి కాదు. అన్నిటికన్నా ఇరుకైన, నోట్లు కిక్కిరిసిన బార్ వెతికి, అందులో ప్రతి నోటూ మీకు విడిగా వినపడే వేగం తేల్చుకోండి. అదే సొనాటా మొత్తానికి వేగం. 3/8లో ఉన్నవాటిని మూడు లెక్కపెట్టకుండా బార్‌కి ఒకటి లెక్కపెట్టండి.

మధ్యలో హఠాత్తుగా బార్ అంతా ఖాళీ వస్తే దాన్ని పూర్తిగా లెక్కపెట్టండి. టెన్షన్‌లో అందరూ ముందు మింగేసేది దాన్నే.

ట్రిల్స్

స్కార్లాటి తన ట్రిల్స్ ఎలా వాయించాలో పట్టిక ఏదీ ఇవ్వలేదు. ఆ కాలపు మామూలు అలవాటు ప్రకారం పై నోట్ నుంచి, సరిగ్గా బీట్ మీద మొదలుపెట్టాలి. సి మీద ట్రిల్ ఉంటే డి–సి–డి–సి. బీట్ మీద పడేది డి. ఆ డి కిందున్న బాస్‌తో కొంచెం రాపిడి పడుతుంది, రుచి అంతా అక్కడే. బీట్‌కి ముందే ట్రిల్ మొదలుపెట్టేస్తే ఆ రుచి పోతుంది. అలాగని మొండిపట్టు వద్దు. చురుకైన పరుగు మధ్యలో నాలుగు నోట్లు పట్టకపోతే మూడు చాలు. మరీ ఇరుకైతే ఒక్క పై నోట్ తగిలించి దిగండి.

సాధన ఇలా. మొదట ట్రిల్ లేకుండా, ఉత్త నోట్‌తో ఆ వాక్యం బాగా వచ్చేదాకా వాయించండి. తర్వాత ట్రిల్ బదులు పై నోట్ ఒక్కటి బీట్ మీద పెట్టి అసలు నోట్‌కి దిగండి. అది స్థిరపడ్డాక నాలుగు నోట్లు. ఎక్కువ నోట్లు కొట్టాలన్న ఆశ చివర్లో. కె.380 మొదట్లోనే ట్రిల్స్ వస్తాయి, చాలామంది అక్కడే బిగుసుకుపోతారు. కారణం వేళ్ళు కావు, ట్రిల్ కొట్టే తొందరలో లెఫ్ట్ హ్యాండ్ ఆగిపోతుంది. లెఫ్ట్ హ్యాండ్‌ను నడిపిస్తూ ట్రిల్‌లో పట్టినన్ని నోట్లు పట్టించండి. వేళ్ళ జత 2–3 కన్నా 1–3 చాలామందికి తేలిగ్గా తిరుగుతుంది, ప్రయత్నించి చూడండి.

గరుకు కార్డులు

కె.119, కె.175 లాంటివాటిలో లెఫ్ట్ హ్యాండ్ కార్డులు చూసి అచ్చుతప్పనుకోవద్దు. కార్డ్‌కి సంబంధం లేని పక్క నోట్లు కూడా అందులో ఇరికించి ఉంటాయి. వాటినే అచ్చాకాటురా అంటారు. 1708లో ఫ్రాంచెస్కో గాస్పరీని రాసిన పాఠ్యపుస్తకంలోనే వీటి ప్రస్తావన ఉంది, అంటే ఇటలీలో అప్పటికే వాడుకలో ఉన్నవే. స్పెయిన్‌లో గిటార్ తీగలన్నీ ఒక్కసారిగా గీరినప్పటి శబ్దం స్కార్లాటి చెవిలో ఉండి ఉంటుందని చాలామంది అంటారు. వింటే నమ్మాలనిపిస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే, హార్ప్సికార్డ్ మీద ఆ రాపిడి తళుక్కున మెరిసి తగ్గిపోతుంది. పియానో మీద సుత్తులన్నీ సమానంగా కొట్టి, ఆ ముద్ద అలాగే మోగుతూ ఉంటుంది. నేను చెప్పేదేమిటంటే, కార్డ్‌ను కింది నుంచి పైకి చాలా వేగంగా విరిచి, అసలు కార్డ్ నోట్లను పట్టుకుని, ఇరికించిన నోట్లను మాత్రం తాకిన వెంటనే వదిలేయండి. పై నోట్, కింది నోట్ స్పష్టంగా, మధ్యవి తేలికగా. అన్నీ పట్టుకుని గరుకుగానే వదలాలనేవాళ్ళూ ఉన్నారు, చిన్న పియానో మీద అదీ బాగుంటుంది. వాటిని తీసేసి సాఫీ చేయడం మాత్రం వద్దు.

ఒకే నోట్ పదేపదే, చేతులు దాటడం

కె.141లో రైట్ హ్యాండ్ ఒకే నోట్‌ను బార్‌కి ఆరుసార్లు కొడుతుంది. వేళ్ళు మార్చి కొట్టాలి. ఇంకో సొనాటా కె.96లో నకలుకారుడు వేళ్ళు మారుస్తూ వాయించమని ఇటాలియన్‌లో రాసి మరీ పెట్టాడు. 4–3–2–1 కొందరికి అలవాటు, కానీ ఆరు నోట్లలోకి నాలుగు వేళ్ళు సరిపోవు, బొటనవేలు బార్‌కోచోట పడి అక్కర్లేని దెబ్బ వినిపిస్తుంది. 3–2–1, 3–2–1 అయితే ప్రతి బార్లోనూ వేళ్ళు ఒకేచోట పడతాయి. వేలిని కీ మీదికి ఎత్తి కొట్టకండి, కీ అంచు దగ్గర అరచేతివైపు లాగండి.

ఇక్కడ వాద్యం సంగతి కూడా ఉంది. గ్రాండ్ పియానోలో కీ పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ కొట్టవచ్చు. సెబాస్టియన్ ఎరార్డ్ కనిపెట్టగా 1821లో పేటెంట్ అయిన ఏర్పాటు అది. నిలువు పియానోలో, అంటే అప్‌రైట్‌లో, మామూలుగా అది ఉండదు, కీ దాదాపు పైదాకా రావాలి. కాబట్టి ఇంట్లో అప్‌రైట్ మీద కె.141 గ్రాండ్ వేగంతో రాకపోతే తప్పు మీ వేళ్ళది కాకపోవచ్చు. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, చెమ్మకి చెక్క ఉబ్బి కీలు నెమ్మదిస్తాయి కూడా. ట్యూనర్‌ని పిలిచి కీలు సరిచేయించాకే మిమ్మల్ని మీరు తిట్టుకోండి.

చేతులు దాటించే సొనాటాల్లో కె.27, కె.29 తొలి పుస్తకంలోవి, కె.120 మరీ సాహసం. ఆయన చివరి సొనాటాల్లో ఈ దాటింపులు తగ్గిపోయాయి. లావెక్కాడు కాబట్టే అని ఒక పాత కథ. లావెక్కింది ఆయన కాదు రాణి అని కర్క్‌పాట్రిక్ వాదన. ఏదైతేనేం, సాధనలో కళ్ళు దూకే చేతి మీద ఉండాలి, కదలని చేయి కళ్ళు లేకుండా నడవాలి. దూకే చేయి నోట్ కన్నా ముందే కీ మీదికి చేరి ఆగాలి, గాల్లోంచి సూటిగా కొట్టకూడదు. నోట్లను రెండు చేతులకూ పంచుకుని దాటింపు తప్పించవచ్చు గానీ, ఆ దూకుడుకి పట్టే క్షణం కూడా లయలో భాగమే. వీలైనంతవరకు రాసినట్టే వాయించండి.

పెడల్, రిపీట్స్

సొనాటా మొత్తం కంఠతా వచ్చేదాకా కుడి పెడల్ మీద కాలు పెట్టవద్దు. ఆ తర్వాత కూడా వేళ్ళు చేయలేని చోటే అరపెడల్, అంటే సగం మాత్రమే తొక్కడం: నెమ్మది సొనాటాలో దూరపు నోట్‌కి దూకేటప్పుడు, కె.380లో కొమ్ముబూరల్లా మోగే కార్డుల దగ్గర, ఒక భాగం చివరి కార్డ్ మీద. స్కేల్ పరుగుల్లో అస్సలు వద్దు. కె.208లో బీట్ బీట్‌కీ పెడల్ మార్చితే రైట్ హ్యాండ్‌లో బీట్ దాటి ఆగే నోటు, దాని తర్వాతి నోటు కలిసి మసకబారతాయి. అక్కడ వేలితోనే పట్టుకోవాలి. బి మైనర్ కె.87 నాలుగు గొంతులు అల్లుకున్నట్టుంటుంది. అందులో వేళ్ళు మార్చి పట్టుకోవడం నేర్చుకుంటే పెడల్ అవసరం సగం తగ్గుతుంది.

బాస్ విషయంలో కూడా జాగ్రత్త. పెద్ద గ్రాండ్ మీద కింది ఆక్టేవ్ నోట్లు హార్ప్సికార్డ్ కన్నా చాలాసేపు మోగుతాయి. లెఫ్ట్ హ్యాండ్‌ను మీరనుకున్నదానికన్నా ఒక మెట్టు తగ్గించి, కొంచెం ముందే వదలండి.

కచేరీలో రెండు భాగాలూ రిపీట్ చేయండి. గ్రేడ్ ఎగ్జామ్‌లో మామూలుగా రిపీట్స్ వద్దంటారు, మీ సిలబస్ చూసుకోండి. రెండోసారి వాయించేటప్పుడు ఏదో ఒకటి మారాలి. నెమ్మది సొనాటాలో పాటకు రెండు మూడు చోట్ల చిన్న అలంకారాలు చేర్చవచ్చు. చురుకైనదానిలో లెఫ్ట్ హ్యాండ్ నోట్లు మొదటిసారి పొడవుగా, రెండోసారి పొట్టిగా. స్కార్లాటి ఒకే ముక్కను వెంటవెంటనే రెండుసార్లు, మూడుసార్లు అనడం మామూలే. ప్రతిసారీ రెండోదాన్ని ప్రతిధ్వనిలా మెల్లగా వాయిస్తే వినేవాళ్ళకు ముందే తెలిసిపోయి విసుగొస్తుంది. ఒక్కోసారి రెండోది గట్టిగా ఉండాలి, పట్టుబట్టి అడుగుతున్నట్టు. ఎప్పుడు ఏదో మీరు వేసుకున్న అంకెలు, గీతలే చెబుతాయి.

వినడం, జత కట్టడం

రికార్డింగులు వినండి, కానీ సొనాటా చేతికి వచ్చాక. ముందు విన్నారంటే పెన్సిల్ పని మీద శ్రద్ధ పోతుంది. స్కాట్ రాస్ 1984–85లో 555 సొనాటాలూ, దాదాపు అన్నీ హార్ప్సికార్డ్ మీదే, రికార్డ్ చేశాడు. మీరు నేర్చుకునేది ఏదైనా అందులో దొరుకుతుంది. దాని పక్కన ఒక పియానో రికార్డింగ్ పెట్టుకోండి. 1986లో పియానిస్ట్ హోరోవిట్జ్ మాస్కో కచేరీలో కె.87, కె.380 వాయించాడు. రాస్ కె.380, హోరోవిట్జ్ కె.380 వెంటవెంటనే విని, రాస్ ఖాళీతో చేసినపని హోరోవిట్జ్ దేనితో చేశాడో రాసుకోండి. ఇంకో పియానిస్ట్ క్లారా హాస్కిల్ మరీ సాదాగా వాయిస్తుంది, నాకు ఆమె అంటే ఎక్కువ ఇష్టం.

కచేరీలోనో ఇంట్లో చుట్టాల ముందో వాయించాలంటే ఒకే కీలో ఉన్న రెండు సొనాటాలు జతగా పెట్టండి. పాత సంపుటాల్లో చాలా సొనాటాలు అలా జంటలుగానే పక్కపక్కన ఉన్నాయి. కె.208 తర్వాత కె.209, కె.380 తర్వాత కె.381. కె.208 అయ్యాక చేతులు ఒళ్ళోకి తెచ్చుకోకండి, కీల మీదే ఉంచండి. లేకపోతే చప్పట్లు మొదలవుతాయి. మనసులో రెండు బార్లు కొత్త టెంపోలో లెక్కపెట్టుకుని కె.209 ఎత్తుకోండి.